వదిలెయ్ బావా

వీడియో గదిలో లైట్లు ఆర్పగానే ఆదివారం నాటి ఫుట్‌బాల్ మ్యాచ్ మళ్ళీ మొదలైంది. ఓడిపోయిన మ్యాచ్‌ని పనిగట్టుకుని ఇంకోసారి చూడటమంత దండగమారి పని లేదు గానీ, కోచ్‌కి అదంటే ప్రాణం. ఒక చేతిలో రిమోటు, రెండో చేతిలో చల్లారిపోయిన టీ. గోల్ పడటానికి కాస్త ముందు బొమ్మను ఆపి అందరివైపూ తిరిగాడు.

“అందరూ ప్రాణం పెట్టి పరిగెత్తుతున్నారు. ఒక్కడు మాత్రం ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఎవరు వాడు?”

ఎవరో అందరికీ కనబడుతూనే ఉంది. ఎడమ గీత పక్కన, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డవాడు ఎక్స్‌ప్రెస్. ఈ క్లబ్బులో చేరిన కొత్తలో అతని వేగం చూసి జనం పెట్టుకున్న పేరది. ఇప్పుడు అదే జనం గ్యాలరీలోంచి “ప్యాసింజర్!” అని అరుస్తున్నారు. స్టేషన్ స్టేషన్‌కీ ఆగుతున్నాడని వాళ్ళ వేళాకోళం.

“నేనే సార్,” అన్నాడతను.

“వాడు నీ చొక్కాకి రాసుకుంటూ పోయాడు కదయ్యా. వెంటపడాలా వద్దా?”

“పడాలి సార్.”

“మరి?”

మరి అన్నదానికి అతని దగ్గర జవాబుంది. కానీ చెప్పాల్సింది అతను కాదు.

గీత పక్కన ముందుండి ఆడే వింగర్‌కి తన వీపు వెనక ఏం జరుగుతోందో కనబడదు. వెనకుండే డిఫెండరుకు మొత్తం కనబడుతుంది. అందుకే అవతలివాడు దూసుకొచ్చేటప్పుడు కేక వేయాల్సింది వెనకవాడు. ‘నీదే’ అంటే వింగర్ చచ్చినట్టు వెంటపడాలి. ‘వదిలెయ్’ అంటే ఆగిపోవాలి, ఆ మనిషి సంగతి వెనకవాడు చూసుకుంటాడు. కేక వినబడ్డాక ఆలోచించకూడదు. తర్వాత తేడా వస్తే, కేక వేసినవాడే ఈ గదిలో చెయ్యెత్తి నాదే తప్పని ఒప్పుకోవాలి. వాడి బదులు ఇంకొకడు వేలెత్తి చూపించకూడదు. ఎక్కడా రాసిపెట్టి లేకపోయినా ఈ పద్ధతిని ఎవరూ తప్పరు.

ఆదివారం ఆ కేక అతను శుభ్రంగా విన్నాడు. “వదిలెయ్ బావా!” జట్టు మొత్తంలో అతన్ని బావా అని పిలిచేవాడు ఒక్కడే. ముందు వరసలో కూర్చుని బూట్ల లేసులు చూసుకుంటున్న ఎడమ డిఫెండరు. ఎక్స్‌ప్రెస్ భార్యకు స్వయానా తమ్ముడు.

ఎక్స్‌ప్రెస్ ఆ కుర్రాడి మెడ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎత్తరా చెయ్యి, అనుకున్నాడు. లేసులు కట్టే ఉన్నాయి, మళ్ళీ విప్పి కడతావేంట్రా, చెయ్యెత్తు. బావమరిది లేసు విప్పాడు, మళ్ళీ కట్టాడు. చెయ్యి మాత్రం లేవలేదు.

“శనివారం ఆఖరి మ్యాచ్,” అన్నాడు కోచ్. “గెలవకపోతే కింది డివిజన్‌కి పోతాం. నిలబడేవాళ్ళని పెట్టుకుని నేను గెలవలేను. ఎడమవైపు రాకెట్ ఆడతాడు. నువ్వు బెంచి మీద కూర్చో.”

రాకెట్ అంటే నిరుడు కొన్న కొత్త వింగర్. పాపం అతనికే ఎటు చూడాలో తెలియక సీలింగు చూశాడు. సీజన్ ముగిశాక ఎవరిని ఉంచుకోవాలో, ఎవరికి పూలదండ వేసి సాగనంపాలో క్లబ్బు తేలుస్తుంది. ముప్పై దాటిన వింగర్‌ని ఆఖరి మ్యాచ్‌లో కూర్చోబెట్టారంటే ఇక అతని ఫోన్ ఏ క్లబ్బూ ఎత్తదు. ఆ సంగతి ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు.

 

అతని భార్య మందుల షాపులో పనిచేస్తుంది. రోజంతా కౌంటరు వెనక నిలబడే ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అతను సోఫాలో పడుకుని తొడ కింద ఐసు సంచి పెట్టుకుని ఉన్నాడు. ఆమె చెప్పులు విడిచి, వాచిన పాదాలు చూసుకుని, ఆ సంచి లాక్కుంది.

“కాస్త జరగండి. నాకూ కాళ్ళున్నాయి.”

అతను కాళ్ళు ముడుచుకుని చోటిచ్చాడు. ఇద్దరికీ కాళ్ళతోనే బతుకు. ఒకే ఐసు సంచిని వంతులేసుకోవడం వాళ్ళ కాపురంలో మామూలే.

“తమ్ముడేడి? ఇవాళ భోజనానికి రాలేదే?” బావమరిది రెండు వీధుల అవతల గదిలో ఉంటాడు. వారంలో సగం రోజులు రాత్రి భోజనం వీళ్ళింట్లోనే.

“రాడులే.”

“ఏమైంది?”

చెప్పకూడదనే అనుకున్నాడు. గ్రౌండ్ మాట గ్రౌండ్‌లోనే వదిలేసి రావాలన్నది అతను పెట్టుకున్న నియమం. కానీ కడుపు మండిపోతోంది. అంతా చెప్పేశాడు. కేక, గోల్, లేసులు, రాకెట్, అన్నీ.

ఐసు సంచి అడ్డంగా జారిపోయినా ఆమె సరిచేసుకోలేదు.

“వాడేనా? మీకు సరిగ్గా వినబడిందా?”

“బావా అని పిలిచేవాడు ఇంకెవడున్నాడు? గోల్‌కీపర్ పిలుస్తాడా?”

“ఆ క్లబ్బులో వాణ్ణి చేర్చింది మీరు. మొదటి ఏడాది వాడి బూట్లు కూడా మీవే.” ఆమె సంచి పక్కన పడేసింది. “నోరు పెగల్లేదా వాడికి?”

“నువ్వు కల్పించుకోకు. అడిగి చెప్పించుకునే మాట కాదది.”

“మీ పద్ధతులు మీరు అట్టే పెట్టుకోండి. వాడు నా తమ్ముడు,” అంటూ ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ సాయంత్రం గిన్నెలన్నీ మామూలుకంటే గట్టిగానే మోగాయి.

 

మంగళవారం ప్రాక్టీసులో అతన్ని రెండో గుంపులో వేశారు. పసుపు రంగు బనియను. ఎడమ గీత మీద ప్లాస్టిక్ డిప్పలు పేర్చి, వాటి మధ్యలోంచి బంతి తీసుకెళ్ళి, చివర్న గోల్ ముందుకు లేపి క్రాసు కొట్టాలి. ఆ పని అతను నిద్రలో కూడా చేయగలడు. ఎడమ పాదం లోపలి అంచుతో బంతిని కింద నుంచి కాస్త కోసినట్టు తన్నితే, అది డిఫెండర్ల తలలు దాటి, కీపర్ చేతికి అందకుండా వంగి, సరిగ్గా వచ్చే మనిషి నుదుటికి తగులుతుంది. ఆ వంపు కోసమే క్లబ్బులు అతన్ని కొనుక్కున్నాయి. ఇప్పటికీ ఆ వంపు చెక్కుచెదరలేదు. ఒకటి తరువాత ఒకటి లేపుతుంటే, అవతల నుదుటితో కొట్టేవాడు చివరికి తల పట్టుకుని, “చాల్లే గురూ, బుర్ర వాచిపోయింది!” అని మొత్తుకున్నాడు.

నీళ్ళు తాగే విరామంలో బావమరిది ఒంటరిగా దొరికాడు. ఎక్స్‌ప్రెస్‌ని చూసి సీసా మూత బిగిస్తూ పక్కకి తిరగబోయాడు.

“ఆగరా. కేక వేశావా, లేదా?”

“వేశాను బావా.”

“నాకేమైనా చెవుడొచ్చిందేమోనని అడిగాను. మరి చెయ్యెందుకెత్తలేదు?”

బావమరిది నేల చూపులు చూశాడు. “ఎత్తితే ఆయన ఇంకా అడుగుతాడు.”

“ఏమడుగుతాడు?”

“ఎందుకు కేకేశావని అడుగుతాడు.”

“పొరపాటున వేశానని చెప్పు. నీకు ఇరవై ఐదేళ్ళు, నీకేం పోతుంది? ఒక తిట్టు తింటావు. నాకు బతుకే పోయేట్టుంది!”

బావమరిది తలెత్తి చూశాడు. ఆ ముఖంలో భయం లేదు, ఇంకేదో ఉంది. అదేమిటో తెలుసుకునే ఓపిక ఎక్స్‌ప్రెస్‌కి లేదు.

“పోన్లేరా. అక్క మొగుడు ఏమైపోతే నీకేంటి,” అనేసి వచ్చేశాడు. అన్నాక నాలుక కరుచుకోలేదు సరికదా, కాస్త హాయిగా కూడా అనిపించింది.

 

గురువారం మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక వీడియో గది తలుపు కొట్టాడు. మ్యాచ్‌లన్నీ ముక్కలుగా కోసి కోచ్‌కి అందించే అమ్మాయి లోపల ఒక్కతే పనిచేసుకుంటోంది. చెవుల మీద నుంచి హెడ్‌ఫోన్ తీసి, “రండన్నా,” అంది.

“ఆదివారం గోల్‌ని అవతలి గోల్ వెనక కెమెరాలో చూపిస్తావా? పక్క కెమెరాలో మా బావమరిది ముఖం కనబడదు.”

అతనికి కావలసింది ఒక్కటే. నోరు తెరుచుకుని, చెయ్యెత్తి కేక వేస్తున్న బావమరిది బొమ్మ. దాన్ని తీసుకెళ్ళి కోచ్ ముందు పెట్టడం పద్ధతి కాదని తెలుసు. పద్ధతిని ముందు తప్పింది వాడే కదా అని మూడు రోజులుగా తనకు తానే సర్ది చెప్పుకున్నాడు.

ఆ అమ్మాయి వెతికి పెట్టింది. గోల్ వెనక నుంచి గ్రౌండంతా పొడుగ్గా కనబడుతోంది. అవతలి జట్టు మనిషి గీత వెంట పరుగందుకున్నాడు. ఎక్స్‌ప్రెస్ వెనక్కి తిరిగి వెంటపడ్డాడు. కాసేపు బాగానే పరిగెత్తాడు. తరువాత అడుగులు పొట్టివయ్యాయి. ఆగిపోయాడు. చేతులు నడుం మీదికి వెళ్ళాయి. వెనక బావమరిది తన చోట తను సరిగ్గానే ఉన్నాడు, పక్కన తను కాయాల్సిన మనిషిని కాస్తూ. దూసుకొస్తున్నవాణ్ణి చూశాడు. ఆగిపోయిన బావను చూశాడు. అప్పుడు నోరు తెరిచాడు. అప్పుడు చెయ్యెత్తాడు. తన మనిషిని అక్కడే వదిలేసి గీతవైపు పరుగెత్తాడు. అలా వదిలేసిన మనిషే వచ్చిన బంతిని గోల్‌లోకి తన్నాడు.

“ఇంకోసారి పెట్టమ్మా.”

ఇంకోసారి పెట్టింది. ఏ మార్పూ లేదు. ముందు కాళ్ళు ఆగాయి, తరువాత కేక. ‘వదిలెయ్’ అని వినబడ్డాకే ఆగానని ఆదివారం నుంచీ ప్రమాణం చేసి చెప్పేంత గట్టిగా నమ్మాడు. అబద్ధమాడలేదు. మనసే ముందు వెనకలు మార్చి పెట్టింది.

“అంతకుముందు మ్యాచ్ ఉందా?”

ఉంది. దానిముందుదీ ఉంది. అన్నింటిలోనూ అదే తంతు. తను నెమ్మదించడం, వాడు చూడటం, కేక వేయడం, ఇద్దరి పరుగు వాడొక్కడే పరిగెత్తడం. గోల్ పడలేదు గనక ఎవరూ పట్టించుకోలేదు. ఒక మ్యాచ్‌లో ఆట ఆగగానే బావమరిది గీత పక్కన వంగి వాంతి చేసుకున్నాడు. ఆ రోజు ఎక్స్‌ప్రెస్ వాడి వీపు మీద చరిచి, “అక్క వంటకి కూడా కడుపు చెడిందా?” అని ఆట పట్టించాడు. వాడు నోరు తుడుచుకుని నవ్వాడు.

“జట్టులో అందరికంటే ఎక్కువ పరిగెత్తేది మీ బావమరిదేనన్నా,” అంది ఆ అమ్మాయి, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. “కోచ్ అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా. ఎందుకంత పరిగెత్తాల్సొస్తోందో ఎవరూ అడగలేదు.”

వాడు చెయ్యెత్తితే కోచ్ అడిగి ఉండేవాడు. వాడు చెప్పాల్సి వచ్చేది. మా బావ పరిగెత్తలేకపోతున్నాడు సార్, అని. ఎక్స్‌ప్రెస్‌కి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. లేచి వెళ్ళిపోదామన్నా తొడ పట్టేసి వెంటనే లేవలేకపోయాడు.

అప్పుడే తలుపు తీసుకుని అసిస్టెంట్ కోచ్ తల లోపలికి పెట్టాడు. “ఇక్కడున్నావా బాబూ, గ్రౌండంతా వెతికాను. మీ బావమరిది పొద్దున వచ్చి ఒప్పేసుకున్నాడు. కేక నేనే వేశాను, తప్పు నాదే, బావది కాదని. సార్‌కి ఒళ్ళు మండి వాణ్ణి కూర్చోబెట్టాడు. శనివారం ఎడమవైపు నువ్వే.”

“ఎందుకు కేకేశాడని సార్ అడగలేదా?”

“అడిగాడు. తొందరపడ్డానన్నాడట.” అసిస్టెంట్ కళ్ళెగరేశాడు. “ఏంటయ్యా, సంతోషంగా లేదా?”

“ఎందుకు లేదు,” అన్నాడు ఎక్స్‌ప్రెస్. నిజంగానే, సిగ్గు అడుగునెక్కడో కాస్త సంతోషం కూడా ఉంది. దానికే అతనికి ఇంకా అసహ్యం వేసింది.

 

ఇంటికెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

“చెప్పాడా వాడు? చెప్పే ఉంటాడు. నిన్న షాపు నుంచి నేరుగా వాడి గదికి పోయి కడిగేశాను. నోరెత్తలేదు. తలొంచుకుని అన్నీ పడ్డాడు. నువ్వు ఒప్పుకునేదాకా నా గడప తొక్కొద్దని చెప్పి వచ్చా.”

అతను చెప్పులు విడవకుండా అలాగే నిలబడ్డాడు.

“ఏమండీ, మిమ్మల్నే. మీ చోటు మీకొచ్చిందా లేదా?”

“వచ్చింది.”

“హమ్మయ్య.” ఆమె కుర్చీలో కూలబడింది. “వాణ్ణి అన్నేసి మాటలు అన్నందుకు రాత్రంతా నాకు నిద్ర లేదు. పోనీలెండి, న్యాయం జరిగింది.”

అప్పుడు చెప్పేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఒక్క మ్యాచ్. బాగా ఆడితే ఇంకో ఏడాది. అంతకంటే ఎక్కువేమీ అడగడం లేదు అతను. ఇంకో ఏడాది ఆడి, తనంతట తను మానుకుంటే ఎంత గౌరవంగా ఉంటుంది! బావమరిదికి ముందు చాలా ఏళ్ళున్నాయి. కావాలంటే మ్యాచ్ అయ్యాక అందరికీ అన్నీ చెప్పేయొచ్చు. ఇలా రకరకాలుగా అనుకుంటూ భోజనం ముగించాడు. ఏం తిన్నాడో అతనికే తెలియలేదు.

శుక్రవారం ప్రాక్టీసులో అతని వెనక వేరే డిఫెండరు ఆడాడు. మంచివాడే. పద్ధతి ప్రకారం “నీదే!” అని కేక వేశాడు. ఎక్స్‌ప్రెస్ వెంటపడ్డాడు. రెండోసారీ పడ్డాడు. మూడోసారి తొడలో ఏదో సన్నగా లాగింది, ఊపిరి పైనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆ డిఫెండరు చేతులు రెండూ చాచి, ఏంటిది అన్నట్టు చూస్తున్నాడు. గ్రౌండు అవతలి చివర బావమరిది పసుపు బనియనులో, వీళ్ళ వైపు చూడకుండా ఒక్కడే గోడకేసి బంతి తంతున్నాడు.

 

శనివారం డ్రెస్సింగ్ రూమంతా నొప్పుల మందు వాసన. బయట గ్యాలరీ నిండిపోయింది, జనం కాళ్ళతో బల్లలు వాయిస్తుంటే పైకప్పు దడదడలాడుతోంది. కోచ్ జట్టు చదివాడు. ఎడమ డిఫెండరు దగ్గర కొత్త పేరు, ఎడమ వింగ్ దగ్గర ఎక్స్‌ప్రెస్. బావమరిది ఓ మూల బెంచి మీద బనియను మడతలు సరిచేసుకుంటున్నాడు.

“ఎవరికైనా ఏమైనా చెప్పాలనుందా?” ఎప్పుడూ అడిగే ప్రశ్నే. ఎప్పుడూ ఎవరూ మాట్లాడరు.

“నాకుంది సార్,” అని ఎక్స్‌ప్రెస్ లేచాడు.

అతను జెర్సీ అప్పటికే తొడుక్కుని ఉన్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

“ఆ రోజు వీడు కేక వేసింది నేను ఆగిపోయాక. కేక విని నేను ఆగలేదు. నా కాళ్ళు ముందే ఆగిపోయాయి. అది ఎవరికీ కనబడకుండా ఉండాలని వీడు కేకేశాడు. ఒక్క ఆదివారమే కాదు, చాన్నాళ్ళుగా ఇదే వరస. నాకు మొన్న వీడియో చూస్తే గానీ తెలియలేదు.”

చెప్పేశాక అందరి ముఖాల వైపూ చూశాడు. ఆశ్చర్యపోతారనుకున్నాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. సెంటర్‌లో ఆడేవాడు మేజోడు పైకి లాక్కున్నాడు. శుక్రవారం అతని వెనక ఆడిన డిఫెండరు తలుపు వైపు చూశాడు. గోల్‌కీపర్ గ్లౌజు పట్టీ బిగించుకుంటూనే ఉన్నాడు.

“మీకందరికీ తెలుసా?” అని అడిగాడతను.

“గోల్‌లో నిలబడేవాడికి ఇంకేం పని గురూ? అందరి వీపులూ చూడటమేగా,” అన్నాడు కీపర్ మెల్లగా. “వాడు చెప్పొద్దన్నాడు. చెప్పాలని మాకూ లేదు. నీ క్రాసుల మీద ఎన్ని గోల్స్ కొట్టుకున్నామో మర్చిపోతామా?”

కోచ్ చేతిలోని కాగితం కిందికి దించాడు. కాసేపు అందరినీ పరాయివాళ్ళని చూసినట్టు చూశాడు.

“అంటే ఈ గదిలో తెలియనిది మా ఇద్దరికేనన్నమాట,” అన్నాడు.

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చేశారు. కోచ్ వచ్చి ఎక్స్‌ప్రెస్ ముందు నిలబడ్డాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికనిపించింది.

“ఇప్పుడు నన్నేం చేయమంటావయ్యా?”

“మా వాణ్ణి గ్రౌండ్‌లోకి దింపండి సార్. ఎడమవైపు రాకెట్‌ని వేసుకోండి. మనం గెలవాలి కదా.”

కోచ్ తల ఊపి, కాగితం మీద రెండు పేర్లు కొట్టేశాడు. ఎక్స్‌ప్రెస్ జెర్సీ విప్పి కొక్కేనికి తగిలించాడు. మూల నుంచి బావమరిది విసవిసా వచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు, మాటనిండా కోపం.

“ఎవరు చెప్పమన్నారు బావా నిన్ను? ఇంకొక్క మ్యాచేగా. ఎలాగోలా లాక్కొచ్చేవాణ్ణిగా!”

“లాగింది చాల్లేరా. అక్కకి పొద్దున్నే చెప్పేశాను. గ్యాలరీలో కూర్చుని ఏడుస్తూ ఉంటుంది. మ్యాచ్ అయ్యాక ఇంటికి రాకపోతే ఇద్దరికీ భోజనం ఉండదట.”

“నిన్ను మానిపిస్తారు బావా.”

“మానిపించనీ.” అనడం తేలికే అయింది. కొక్కేనికి వేలాడుతున్న తన జెర్సీ వైపు మాత్రం చూడలేదు. బావమరిది జెర్సీ భుజం దగ్గర మడతపడితే సరిచేసి, వెళ్ళమన్నట్టు వీపు తట్టాడు.

బెంచి చివర అతనికి చోటిచ్చారు. గ్యాలరీలోంచి ఎవడో “ప్యాసింజర్ షెడ్డుకెళ్ళింది!” అన్నాడు, నలుగురు నవ్వారు. ఆట మొదలైంది. అంత దగ్గర నుంచి, గ్రౌండుకి బయట కూర్చుని ఆట చూడటం అతనికి అలవాటు లేదు. బంతి చప్పుడు, ఊపిర్ల చప్పుడు అన్నీ విడివిడిగా వినబడుతున్నాయి.

అవతలి మనిషి గీత వెంట పరుగందుకున్నాడు. రాకెట్ ఒక్క క్షణం తటపటాయించాడు.

“నీదే! నీదేరా వాడు! రా వెనక్కి! పరిగెత్తు, చూస్తావేంటి, పరిగెత్తరా!” బావమరిది గొంతు చించుకుని అరుస్తున్నాడు. మెడ నరాలు తేలిపోయాయి. రాకెట్ ఉలిక్కిపడి, తల వంచుకుని పరుగెత్తి, గీత దగ్గర బంతిని బయటికి తన్నేశాడు. గ్యాలరీ లేచి నిలబడింది. బావమరిది తన చోట తను కదలకుండా ఉన్నాడు.

పక్కన కూర్చున్న రెండో కీపర్ చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. “బాబోయ్, మీ బావమరిదికి ఇంత గొంతుందా? ఇన్నేళ్ళూ ఎప్పుడూ వినలేదే!”

“నేనూ వినలేదు,” అన్నాడు ఎక్స్‌ప్రెస్.